సావిత్రిలా ఒక ఫోటో

మన ఇళ్ళల్లో పాత ఆల్బములు తిరగేసేటప్పుడు ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. అమ్మమ్మల నాటి ఫోటోల్లో ఆడవాళ్ళు తిన్నగా కెమెరా వంక చూస్తారు. చేతులు రెండూ మోకాళ్ళ మీద, కొంగు భుజం చుట్టూ, రెప్ప వేయని కళ్ళు. ఏదో సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వచ్చినట్టుంటారు పాపం. ఆ తర్వాతి తరానికి వచ్చేసరికి ముఖం ముప్పాతికవంతు పక్కకు తిరుగుతుంది. గడ్డం కాస్త పైకి లేస్తుంది. కళ్ళు కెమెరాను వదిలేసి, ఎక్కడో మనకు కనిపించని చంద్రుణ్ణి వెతుకుతుంటాయి. జుట్టు అంచున సన్నటి వెండి గీత మెరుస్తుంది. వెనకంతా చీకటి.

ఈ వెండి గీత ఎక్కడిదని ఎవరైనా అడిగితే, మద్రాసు వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోది అని చెబుతాను. బొగ్గుబావుల మధ్య ఉన్న మా కొత్తగూడెం దాకా అది ఎలా వచ్చిందో, వచ్చి మా ఆడపిల్లల ముఖాలను ఏం చేసిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

తొలిరోజుల్లో ఫోటో అంటేనే కదలకుండా కూర్చోవడం. ప్లేటు మీద బొమ్మ పడటానికి కొన్ని సెకన్లు పట్టేది. ఆ కాసేపట్లో నవ్వితే నవ్వు చెదిరిపోతుంది, తల తిప్పితే ముఖమే చెదిరిపోతుంది. పైగా ఆడవాళ్ళకు ఇంకో చిక్కు. పరాయి మగవాడు నల్లగుడ్డలో తల దూర్చి చూస్తుంటే ఎదురుగా కూర్చోవాలి మరి! నిజాంగారి ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ ఈ చిక్కు గ్రహించి, 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే ఒక జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. కొత్తగూడెం అప్పుడు నిజాం రాజ్యంలోదే గాని, అలాంటి భాగ్యం అడవిలో ఉన్నవాళ్ళ దాకా ఎక్కడొస్తుంది?

మావైపు అప్పటికి బొగ్గు సంగతే నడుస్తోంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి అనే ఒక పల్లె పేరు కంపెనీకంతటికీ పేరైంది. తర్వాత బావులు కొత్తగూడెం వైపు సాగాయి, కంపెనీ పెద్దాఫీసూ ఇక్కడే వెలిసింది. రైలు స్టేషను పేరు మాత్రం భద్రాచలం రోడ్డు. రాముడి దర్శనానికి వచ్చినవాళ్ళూ, బావిలో పనికి వచ్చినవాళ్ళూ ఒకే ప్లాట్‌ఫారం మీద దిగేవారు. బర్మా క్యాంపు, బాబు క్యాంపు అనే పేర్లు వింటేనే తెలుస్తుంది ఎక్కడెక్కడి మనుషులు వచ్చి పడ్డారో. మూడు షిఫ్టులు, నెలకోసారి జీతం. జీతాల ఊరికి ఏమేం కావాలో అవన్నీ వచ్చాయి. బట్టల కొట్టు వచ్చింది, సినిమా హాలు వచ్చింది, హాలుకు ఎంతో దూరం లేకుండా ఫోటో స్టూడియో వచ్చింది.

ఇక వడపళనికి వద్దాం. మార్కస్ బార్ట్లీ అనే పేరు మన ఆడవాళ్ళలో ఎందరికి తెలుసో గాని, ఆయన వెన్నెల తెలియనివాళ్ళు ఉండరు. ఆయన ఆంగ్లో ఇండియన్. ‘స్వర్గసీమ’ (1945), ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘గుండమ్మ కథ’ (1962), వీటన్నిటికీ కెమెరా ఆయనదే. ‘మాయాబజార్’లో పడవ పాట చూసి, ఆ వెన్నెల నిజమా అని అడగని ఇల్లు లేదు. అది ఆయన పుట్టించిన వెన్నెల. నలుపు తెలుపు సినిమాలో వెన్నెల కావాలంటే పద్ధతి ఒకటుంది. వెనకాల చీకటిగా ఉంచాలి. మనిషి వెనకనుంచి ఒక గట్టి దీపం జుట్టు మీదా భుజం మీదా అంచు కట్టినట్టు పడాలి. ముందునుంచి ముఖం మీద మాత్రం పలచగా, పొడి అద్దినట్టు వెలుతురు రావాలి. చెప్పడానికి ఇంతే. ఆ పాళ్ళు కుదరడంలోనే ఉంది పనితనమంతా. చారులో ఉప్పులాంటిది అనుకోండి.

సినిమా నడిచిపోతుంది, నిలవదు. మరి ఊళ్ళో స్టూడియో ఆయన దాన్ని చూసి నేర్చుకునేదెలా? హాలు ముందు గాజు పెట్టెల్లో అంటించే స్టిల్సు ఉండేవి చూశారూ, అవే ఆయనకు పాఠ్యపుస్తకాలు. ఆ స్టిల్సు సినిమా రీలులోంచి కత్తిరించినవి కావు. షాటు అయిపోగానే స్టిల్ ఫోటోగ్రాఫరు అదే దీపాల కింద, అదే భంగిమలో నటీనటుల్ని నిలబెట్టి వేరే కెమెరాతో తీసేవాడు. అంటే ఎక్కడ దీపం పెడితే ఎక్కడ నీడ పడిందో అందులో నిలిచి ఉంటుంది. ముక్కు కింద నీడ ఎంత పొడుగుందో చూస్తే దీపం ఎంత ఎత్తున ఉందో చెప్పొచ్చు. హాలీవుడ్‌లో మార్లిన్ డీట్రిచ్ ముఖానికి ఎదురుగా, బాగా ఎత్తున దీపం పెట్టేవారు. ముక్కు కింద సీతాకోకచిలుక ఆకారంలో చిన్న నీడ పడేది. ఆ పేరూ ఊరూ తెలియకుండానే మన స్టూడియోలవాళ్ళు ఆ నీడను పట్టుకున్నారు. పాటల పుస్తకం అట్టలూ, వారపత్రికల ముఖచిత్రాలూ గోడకు అతికించుకుని, రేకు డొప్పల్లో పెద్ద బల్బులు బిగించి, ముందు పలచటి కాగితం అడ్డుకట్టి, విజయా వారి వెన్నెలను పదడుగుల గదిలోకి దించారు.

“కొంచెం ఇటు చూడండమ్మా. ఇంకొంచెం. అదిగో, ఆ మేకు వంక చూడండి.”

ఆడపిల్లలు చూసిన చంద్రుడు ఆ మేకే నన్నమాట.

నవ్వులాటకు చెబుతున్నాను గాని, అప్పటి ఆడపిల్లకు ఆ ఫోటో ఆషామాషీ విషయం కాదు. చాలామందికి జీవితంలో అదే మొదటి ఫోటో. కవరులో పెట్టి పోస్టు చేస్తే, పెళ్ళికొడుకు ఇంట్లో పదిమంది చేతులు మారుతుంది. పిల్ల వెళ్ళడానికి ముందే పిల్ల ముఖం వెళుతుంది. అందుకని తల్లులు స్టూడియోకు వచ్చి, “సావిత్రిలా రావాలి బాబూ” అనేవారు. సావిత్రిలా అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ‘మిస్సమ్మ’లో మేరీలాగా, కొంచెం కోపం, కొంచెం కల. కోపం సంగతి ఏమోగాని, కల మటుకు దీపంతో వచ్చేది.

ఇక్కడ రంగు సంగతి వస్తుంది. పాత ఫోటోల్లో కుంకుమబొట్టు నల్లగా, కాటుకబొట్టులా కనిపిస్తుంది కదా? అప్పటి ఫిల్ముల్లో ఒక రకం ఎరుపును చూడలేదు. ఆర్థోక్రొమాటిక్ అంటారు దాన్ని. ఎర్రదీపం వెలుతురులో కళ్ళతో చూస్తూ కడుక్కోవచ్చు గనుక, అన్ని రంగులూ చూసే ఫిల్ము వచ్చాక కూడా కొందరు స్టూడియోవాళ్ళు దాన్ని వదల్లేదు. దానికి కుంకుమ నలుపు, తమలపాకు పెదవులు నలుపు, ఎండకు కందిన చామనచాయ ముఖం ఉన్నదానికంటే ఇంకా నలుపు. సినిమాలో అయితే మేకప్పు ఉంది, లెక్కలేనన్ని దీపాలున్నాయి. ఊళ్ళో ఏముంది? పౌడరు డబ్బా, పెన్సిలు.

పెన్సిలు సంగతి చెప్పాలి. నెగెటివులో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉంటుంది. దాని మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో గీస్తే, అచ్చులో ఆ చోటు తెల్లబడుతుంది. కళ్ళకింద నలుపు, స్ఫోటకం మచ్చలు, బుగ్గ మీది గుంట, అన్నీ ఆ పెన్సిలు పూడ్చేసేది. అద్దం మీద నెగెటివు ఆనించి, కింద వెలుతురు పెట్టుకుని, గంటలకొద్దీ చుక్కలు పెట్టే పని అది. బావిలో నలుపు తవ్వే ఊళ్ళో, ముఖాల మీద నలుపు తుడిచే ఉద్యోగం!

మా చిన్నమ్మకు ఎడమ బుగ్గ మీద, పెదవికి కాస్త పైన పెద్ద పుట్టుమచ్చ ఉంది. ఆమె పెళ్ళిచూపుల ఫోటో కొత్తగూడెంలోనే ఒక స్టూడియోలో తీయించారు. వెన్నెల బ్రహ్మాండంగా కుదిరింది. జుట్టు మీద వెండి గీత, కళ్ళు మేకు మీద. తీరా కార్డు చేతికొచ్చేసరికి మచ్చ లేదు. పెన్సిలు ఆయన దాన్ని కూడా మరకే అనుకున్నాడు కాబోలు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, లేకపోతేనే మంచిదనుకున్నారు. పెళ్ళిచూపులనాడు అబ్బాయి మేనత్త ఫోటో ఒక చేత, కళ్ళజోడు ఒక చేత పట్టుకుని, “ఈ మచ్చ ఫోటోలో లేదే?” అంది. తాంబూలాలు అక్కడితో ఆగిపోయాయి. రెండేళ్ళ తర్వాత వచ్చిన సంబంధానికి చిన్నమ్మ ఫోటో పంపనివ్వలేదు. “చూడాలనుకుంటే వచ్చి చూడమనండి” అంది. వచ్చారు, చూశారు, చేసుకున్నారు. ఆ పాత ఫోటో మాత్రం చింపలేదు. ఇప్పటికీ బీరువాలో ఉంది. అడిగితే, “అది నేను కాదే, కాని ఫోటో మటుకు బాగుంటుంది” అంటుంది.

నాకు ఆ మాట ఎప్పుడూ గుర్తొస్తూంటుంది. సినిమా వెలుతురు మన ఆడవాళ్ళకు ఒక ఠీవిని ఇచ్చింది. కోర్టు సాక్షిలా కూర్చున్న మనిషికి తల ఎత్తడం నేర్పింది, తనకంటూ ఒక చూపు ఇచ్చింది. అదే చేత్తో ఆమె మచ్చనూ, ఆమె చాయనూ తీసేసుకుంది. ఇచ్చింది ఎక్కువా, తీసుకున్నది ఎక్కువా అని నన్నడిగితే, ఒక్కో ఆల్బము చూసినప్పుడు ఒక్కోలా చెబుతాను.

అన్నట్టు, పెన్సిలుకు అందని ఫోటో ఒకటుంది. పూలజడ ఫోటో. ఎండాకాలం మల్లెమొగ్గలు దిగగానే, వాటిని అరటిడొప్ప మీద వరసలుగా కుట్టి, జడంతా కప్పి, జడగంటలు వేలాడదీసి, పట్టుపరికిణీ కట్టి పిల్లను స్టూడియోకు తీసుకువెళ్ళేవారు. అమ్మాయి ముఖం కెమెరా వైపు, వెనక నిలువుటద్దంలో జడ. ముఖమూ వీపూ ఒకే కార్డు మీద. ఇందులో సినిమా అనుకరణ ఎంతో, సినిమాయే మనింటి ఆచారాన్ని చూసి నేర్చుకున్నది ఎంతో తేల్చడం కష్టం. హీరోయిన్‌ని అద్దం ముందు కూర్చోబెట్టి రెండు ముఖాలూ ఒకే చట్రంలో చూపించడం మన సినిమాలకు తెగ ఇష్టం. ‘మాయాబజార్’లో శశిరేఖకు ఏకంగా ప్రియదర్శిని పెట్టే ఉంది. మూత తీస్తే మనసుకు నచ్చినది కనబడుతుంది. ఆడపిల్లకు పూలజడ ఫోటో అలాంటి పెట్టే. పొద్దున్నించీ మెడ నొప్పిపుట్టేలా కూర్చుని వేయించుకున్న జడ తనకు కనిపించదు కదా, అందరూ చూసి మెచ్చుకోవడమే తప్ప! నాలుగు రోజులాగి స్టూడియోకు వెళితే అప్పుడు చూసుకునేది. అప్పటికి మల్లెలు వాడి, జడ విప్పేసి, తలంటి పోసుకోవడం కూడా అయిపోయేది.

ఇలా సినిమా పద్ధతిలో ఫోటో దిగడం మన చిన్న ఊళ్ళ మోజు అని కొట్టిపారేసేవాళ్ళకు ఒక ముక్క చెబుతాను. 1977లో న్యూయార్కులో సిండీ షెర్మన్ అనే ఇరవైమూడేళ్ళ అమ్మాయి తనను తాను సినిమా హీరోయిన్‌లా అలంకరించుకుని, సినిమా స్టిల్సులాంటి ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టింది. 1980 దాకా డెబ్బై దాకా తీసింది. ఏ ఒక్కటీ నిజంగా ఉన్న సినిమాలోది కాదు. ఒకసారి వంటింట్లో ఇల్లాలు, ఒకసారి పట్నానికి కొత్తగా వచ్చిన పిల్ల, ఒకసారి రోడ్డు పక్క పెట్టెతో నిలబడ్డ ఒంటరిది. ఇవాళ ఆ ఫోటోలు పెద్ద పెద్ద మ్యూజియముల్లో ఉన్నాయి. సినిమాలు ఆడదాన్ని ఎన్ని మూసల్లో పోశాయో ఆమె తెలిసి తెలిసి చూపించింది. మన పిల్లలు తెలియక చేశారని మీరనవచ్చు. మా చిన్నమ్మ మాట విన్నాక, తెలియక చేశారని అనడానికి నాకు నోరు రాదు.

1975లో బాపుగారి ‘ముత్యాల ముగ్గు’ వచ్చాక గాలి మారింది. ఇషాన్ ఆర్య కెమెరా. దానికి ఆయనకు జాతీయ బహుమతి కూడా వచ్చింది. ఆ వెలుతురు స్టూడియో దీపాలది కాదు, మన గోదావరి ఒడ్డు ఎండ. ఇంటి ముందు ముగ్గు, అరుగు, పసుపు గడప. దాంతో స్టూడియోలోని చీకటి తెర ఒక్కసారిగా పాతబడిపోయింది. కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళల్లోకి అప్పటికే అగ్ఫా క్లిక్ కెమెరాలు వచ్చాయి. పన్నెండు ఫోటోల రీలు, ఎండ ఉంటేనే బొమ్మ. అందుకని ఆ కెమెరాకు బాపు పద్ధతి బాగా నప్పింది. తులసికోట దగ్గర, బావి గట్టున, ముగ్గు వేస్తూ, ఓరగా తల వంచి, “బాపు బొమ్మలా” ఫోటోలు మొదలయ్యాయి. మావైపు క్వార్టర్ల ముందు కూడా. వెనక ఆరేసిన బావి బట్టలు ఫోటోలో పడకుండా, తీగ మీంచి వాటిని హడావిడిగా లాగేసేవారు. ఎందుకంటే అవి ఎంత ఉతికినా మసిగానే కనిపిస్తాయి.

ఆ మసి సంగతి మావైపు ఆడవాళ్ళకు చెప్పాలా? షిఫ్టు దిగి వచ్చిన మనిషిని ముందు కళ్ళను బట్టి గుర్తుపట్టాలి, మిగతా అంతా నలుపు. వేణ్ణీళ్ళు పెట్టడం, వీపు తోమడం, బట్టలు ఉడకబెట్టడం, దిండు గలీబుల మీద మరకలు వదిలించడం. ఆడవాళ్ళు భూమి లోపల పనిచేయకూడదని 1952 గనుల చట్టం అన్నది. 2019లో కేంద్రం ఆ నిషేధాన్ని సడలించింది. అంతకాలమూ బొగ్గు ముఖానికి పూసుకోవడం మగవాళ్ళ వంతు, కడగడం ఆడవాళ్ళ వంతు. కడిగే చేతులకు ఫోటోలోనైనా నలుపు లేకుండా ఉండాలని ఉండదా? పెన్సిలు ఆయన్ని తిట్టేముందు నేను ఈ సంగతి కూడా తలుచుకుంటాను.

తుడవకుండా చూపించడం మన తెలంగాణ సినిమాలో కాస్త ఆలస్యంగా వచ్చింది. బి. నరసింగరావుగారి ‘దాసి’ (1988) మీరు చూశారా? దొర గడీలో ఒక దాసి కథ. అర్చన నటించింది. అపూర్వ కిశోర్ బీర్ కెమెరా. ఉత్తమ నటికి, ఛాయాగ్రహణానికి, కళకు, దుస్తులకు జాతీయ బహుమతులు వచ్చిన సినిమా. అందులో వెలుతురు ముఖాన్ని అందంగా చేద్దామని రాదు. గుమ్మంలోంచి ఎంత వస్తే అంత. ముఖం సగం చీకట్లో ఉంటే ఉంటుంది. చెమట చెమటగానే ఉంటుంది. వరంగల్లు వాడైన భరత్ భూషణ్ (2022లో పోయారు) తెలంగాణ పల్లెల్లో తీసిన ఆడవాళ్ళ ఫోటోలు, తలుపులు, మట్టిగోడలు, బతుకమ్మలు, ఈ సినిమా పక్కన పెట్టి చూస్తే రెండూ ఒక ఇంటి బిడ్డలే అనిపిస్తాయి. అందులో ఎవరూ మేకు వంక చూడరు.

ఇక 2023లో ‘దసరా’ వచ్చింది. బొగ్గుగనుల పక్కన వీర్లపల్లి అనే ఊరి కథ. సత్యన్ సూర్యన్ కెమెరా. ఊరంతా దుమ్ము, గోడలన్నీ మసి, మనుషుల ముఖాల మీదా మెడల మీదా నలుపు. అందులో కథానాయిక కీర్తి సురేశ్. ‘మహానటి’ (2018)లో సావిత్రి వేషం వేసి జాతీయ బహుమతి తెచ్చుకున్న అమ్మాయే. సావిత్రిగా వెండివెలుతురులో మెరిసిన ముఖానికి, ఇక్కడ చాయ తగ్గించి రంగు పూశారు. పాత్ర పేరు చూడండి, వెన్నెల! మా స్టూడియోల్లో ఏళ్ళ తరబడి పెన్సిలుతో తుడిచిన నలుపును, ఇప్పుడు మేకప్పువాళ్ళు కూర్చుని అద్దుతున్నారు.

సినిమా మారితే ఫోటో మారక తప్పదు కదా. ఈమధ్య మా బంధువుల అమ్మాయి పెళ్ళి కొత్తగూడెంలో జరిగింది. ఇప్పుడు పెళ్ళికి ముందే జంటను బయటికి తీసుకువెళ్ళి, వాళ్ళకు ఇష్టమైన సినిమాలోలాగా ఫోటోలు తీసే పద్ధతి వచ్చింది. ఫోటోల కుర్రాడు ఫోనులో నాలుగైదు నమూనాలు చూపించాడు. పడవలో వెన్నెల ఒకటి, ముగ్గు ముందు ఒకటి, ‘దసరా’ ఒకటి. పిల్ల తడుముకోకుండా ‘దసరా’ అంది. గని లోపలికి ఎవరూ రానివ్వరు గనుక, దూరాన ఓబీ మట్టిగుట్టలు కనిపించే చోట సాయంత్రం ఎండలో తీద్దామన్నాడు. చెంప మీద ఒక చార, చేతుల మీద కాస్త బొగ్గు పొడి చాలునన్నాడు.

పిల్ల తల్లికి ఒళ్ళు మండింది. భర్త రిటైరయ్యేదాకా ముప్పయి ఏళ్ళకు పైగా ఆ బట్టలు ఉతికిన మనిషి ఆమె. “మీ నాన్న ముఖాన ఉన్నన్నాళ్ళూ దాన్ని వదిలించలేక చచ్చాను. ఇప్పుడు డబ్బిచ్చి పూయించుకుంటావా?” అంది. పిల్ల ఊరుకోలేదు. “నాన్న ముఖాన ఉన్నప్పుడు ఒక్క ఫోటో తీయించావా అమ్మా? ఇంట్లో ఒక్కటైనా ఉందా?” అంది.

లేదు. నాన్నగారి ఫోటోలన్నీ స్నానం చేసి, పౌడరు రాసుకుని, తెల్ల చొక్కాలో తీయించుకున్నవే.

చివరికి తల్లి కూడా వెంట వెళ్ళింది. కుర్రాడు బొగ్గు పొడి సంచీ తీస్తే, “నువ్వుండు బాబూ, అది ఎక్కడెక్కడ అంటుకుంటుందో నీకేం తెలుసు” అని తనే తీసుకుంది. కనుబొమల మీదా, చెవుల వెనకా, మెడ మడతల్లోనూ, గోళ్ళ సందులోనూ రాసింది. నుదురు మాత్రం వదిలేసింది. టోపీ ఉంటుంది కాబట్టి అక్కడికి రాదట.